నా ఓటు సినతల్లికే

అవార్డులొచ్చిన ప్రతిసారీ మా హీరోకి వచ్చిందా లేదా అని కొట్టుకుంటున్నాం. ఈసారి నా లిస్టు వినండి.

2021 సినిమాలకి 69వ జాతీయ అవార్డులు 2023 ఆగస్టులో ప్రకటించారు. ‘పుష్ప’కి ఉత్తమ నటుడు, ‘ఆర్ఆర్ఆర్’కి ఆరు. ‘జై భీమ్’కి సున్నా! నా లెక్కలో ఆ ఏడాది ఉత్తమ చిత్రం అదే. ఉత్తమ నటి సినతల్లిగా చేసిన లిజోమోల్ జోస్. ఉత్తమ సహాయ నటుడు మణికందన్.

"అది తమిళోళ్ల సినిమా, మనకెందుకు?" అంటారా? పొలాల్లో ఎలకలు పట్టే ఆ ఇరులర్ల బతుకూ కాలవగట్ల మీది మన యానాదుల బతుకూ వేరా? ఊళ్లో నగ పోతే ముందు ఎవరి గుడిసె సోదా చేస్తారో నేను చెప్పాలా?

మన పక్కనే స్టువర్టుపురం ఉంది. నేరస్థ జాతుల చట్టం పేరు చెప్పి 1913లో ఎరుకలోళ్లను అక్కడ పెట్టారు. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటింది. 2023లో ఆ ఊరి మీద పెద్ద సినిమా తీస్తే ఏం తీశారు? ‘టైగర్ నాగేశ్వరరావు’. మళ్లీ దొంగ కథే! ఆ ఊళ్లో చదువుకున్నోళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు కెమెరాకి కనపడరా?

ఆ ఊరి పిల్ల హాస్టల్లో తన ఊరి పేరు చెప్పడానికి జంకితే, ఆ జంకులో సినిమా వాటా ఉంది. విజిలేసిన మన వాటా కూడా ఉంది.

మీ లిస్టులూ పెట్టండి. ప్రతి సినిమా పక్కన మనవాళ్లని ఎలా చూపించారో ఒక్క లైను రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.