చంటిగాడి చపాతీ పిండి

రాత్రి తొమ్మిదింటికి నా ఆఫీసు కాల్ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మా చంటిగాడి డ్యూటీ కూడా మొదలు. ముందు ఒళ్లోకి ఎక్కుతాడు. నా దుప్పటిని ముందుకాళ్లతో చపాతీ పిండిలా పిసుకుతాడు. ఆ తర్వాత నేరుగా లాప్‌టాప్ మీదే పడక. వీడియో కాల్‌లో చూసిన అమ్మ, "నువ్వు పెంచేది పిల్లినా, వంటమనిషినా?" అని నవ్వుతుంది.

పిచ్చి చేష్టలే అనుకునేవాణ్ని. కానీ ప్రతిదానికీ ఒక లెక్కుంది. పిల్లికూనలు పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను అలాగే నొక్కుతాయి. పెద్దయ్యాక కూడా హాయిగా అనిపించిన చోట ఆ అలవాటు బయటికొస్తుంది. పైగా వాటి పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. పిసికిన దుప్పటి మీద "ఇది నాది" అని ముద్ర పడిపోతుందన్నమాట.

లాప్‌టాప్ సంగతి ఇంకా సింపుల్. పిల్లి ఒంటి వేడి 38, 39 డిగ్రీలు ఉంటుంది. చుట్టూ 30 డిగ్రీలు దాటితేనే దానికి సుఖం. మనం ఏసీ 24లో పెట్టుకుని హాయి అనుకుంటాం. వాడికి అది చలి!

మరి అట్టపెట్టె? నాలుగు గోడలు, వెనకనుంచి ఎవరూ రారన్న ధీమా. 2014లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ యూనివర్సిటీ పరిశోధకులు షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి పెట్టెలిచి చూశారు. పెట్టె దొరికిన పిల్లులు కొత్త చోటికి తొందరగా అలవాటుపడ్డాయి.

ఇదంతా నేను చదివింది సరదాకి కాదు, భయపడ్డాక.

ఒకరోజు రిలీజ్ హడావిడిలో ఉన్నా. చంటి ఒళ్లోకి రాలేదు. లాప్‌టాప్ వైపు చూడలేదు. బాత్‌రూమ్‌లో చల్లటి టైల్స్ మీద పడుకున్నాడు. మధ్యమధ్యలో లేచి లిట్టర్ ట్రేలో కూర్చుని, మళ్లీ వచ్చి పడుకుంటున్నాడు. కొత్త వేషం అనుకుని వీడియో తీసి స్టేటస్ పెట్టా. పది నిమిషాల్లో ఆఫీసు ఫ్రెండ్ ఫోన్. "రేయ్, వాడు ఉచ్చ పోస్తున్నాడా లేదా చూడు ముందు!"

ట్రే పొడిగా ఉంది.

అర్ధరాత్రి క్యాబ్‌లో డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. మూత్రనాళం మూసుకుపోయింది. మగపిల్లుల్లో ఇది ఎక్కువట, ఒకట్రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణాలే పోతాయట. టేబుల్ మీద చంటి గుర్రుగుర్రుమంటుంటే "బానే ఉన్నాడు కదా సార్" అన్నా. "నొప్పిలో కూడా అలాగే అంటాయి బాబూ, వాటికి అదో ఓదార్పు" అన్నారాయన. నాకు నోట మాట రాలేదు.

ఆఫీసులో సర్వర్ కాస్త నెమ్మదిస్తే చాలు, నా ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. ఇంట్లో వాడు రోజూ చేసే పని మానేస్తే, దాన్ని జోక్ చేసి స్టేటస్ పెట్టుకున్నా.

మీ పిల్లి ఎక్కడ పడుకుంటుందో, దేన్ని పిసుకుతుందో, రోజుకెన్నిసార్లు ట్రేకి వెళ్తుందో ఓ కన్నేసి ఉంచండి. అలవాటు తెలిస్తేనే అది తప్పిన రోజు తెలుస్తుంది.

చంటి ఇంటికొచ్చిన నాలుగో రోజు, కాల్ మధ్యలో టీమ్ చాట్‌లోకి ఒక లైను నిండా ఏవేవో అక్షరాలు వెళ్లాయి. మేనేజర్ "ఏంటిది?" అని అడిగారు. కీబోర్డు మీద నుంచి వాణ్ని దించలేదు. "గుడ్ న్యూస్ సార్" అన్నా.