మతిమరుపు ఎవరిది?

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేత పద్యాలు వల్లె వేయించిన తెలుగు పండితుణ్ణి. "వీడికి ధారణ లేదు" అన్న మాట ఎందరి విషయంలో అన్నానో లెక్క లేదు. అది ఎంత తొందరపాటో నాకు తెలియజెప్పినది ఏ శాస్త్రగ్రంథమూ కాదు. శామీర్‌పేటలోని మా ఇంటి వసారాలో మనుమడు కూర్చిన ఒక చిన్న కంప్యూటరు.

అది విడిభాగాలుగా వచ్చే కిట్టు. దానికి గుండెకాయ 1976 నాటి జెడ్-80 ప్రాసెసరు. 1986లో మన దేశంలో డెసిబెల్స్ వారు విడుదల చేసిన స్పెక్ట్రమ్‌లోనూ ఉన్నది అదే. దాని మెమొరీ 62256 అనే చిప్పు. అందులో 32,768 గదులు, గదికి ఎనిమిది బిట్లు.

టంకం పని ముగించి మీట నొక్కితే, ప్రోగ్రాము నాలుగడుగులు నడిచి పిచ్చిగీతలు గీసి ఆగిపోయేది. "మెమొరీ చిప్పు పోయింది తాతయ్యా" అని మేడ్చల్‌లో వెదికి, చివరకు కోఠీ గుజరాతీ గల్లీ నుండి కొత్తది తెచ్చాడు. ఫలితం లేదు. మరొకటి తెచ్చాడు. అదే తంతు.

అప్పుడు పరీక్ష మొదలుపెట్టాడు. పరీక్షించే ప్రోగ్రామును ఆ మెమొరీలో ఉంచలేదు; రామ్‌ను ముట్టకుండా రామ్ కాని చోటనే, అనగా రోమ్‌లో, ఉంచాడు. దొంగనే సాక్షిగా పిలువరాదు గదా! అన్ని గదులలోనూ ఒకే అంకె వ్రాసి చదివితే అంతా సవ్యమే. గదికొక అంకె వ్రాసినప్పుడు గుట్టు బయటపడింది. ఐదవ గదిలో ఒకటి, ఇరవైయొకటవ గదిలో మరొకటి వ్రాస్తే, రెండు చోట్లా రెండవదే కనిపించింది. రెండింటికీ తేడా పదహారు. ఆ పదహారును తెలిపే చిరునామా తీగ ఏ4. భూతద్దంతో చూస్తే, సాకెట్టు ఆరవ కాలికి టంకం అంటనే లేదు. రెండు నిమిషాల పని. పాత చిప్పునే పెట్టాడు, యంత్రం చక్కగా నడిచింది.

చిప్పు దేనినీ మరువలేదు. అడిగిన గది పేరు దానికి సరిగా చేరలేదు, అంతే.

శతావధానంలో నూర్గురు పృచ్ఛకులూ ఒకే ప్రశ్న వేస్తే అవధాని ధారణ తేలుతుందా? మా తరగతి గదులలో జరిగేది అదే. అందరిచేతా ఒకే పద్యం ఒకే గొంతుతో పలికించి, అంతా బాగుందనుకుంటాము.

నా వద్ద చదివిన ఒక పిల్లవాడు అడిగిన పద్యం విడిచి వేరొకటి తప్పు లేకుండా అప్పగించేవాడు. తరగతి అంతా నవ్వేది. నేను వెనుక బెంచీకి పంపాను. పదేళ్ళ తరువాత అతని తల్లి బజారులో కనబడి, వాడికి చిన్నప్పటి నుండి చెవి కారేదనీ, ఒక చెవి సరిగా వినబడదనీ చెప్పింది. వెనుక బెంచీకి పంపి ఆ కాస్త తీగనూ తెంపినవాణ్ణి నేనే.

అందుచేత నా అభిప్రాయమిది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల చూపునూ వినికిడినీ పరీక్షించాలంటుంది. ఆ బృందం వచ్చేదాకా ఉపాధ్యాయుడు ఆగనక్కరలేదు. పిల్లవాడి వెనుక నిలిచి మెల్లగా పేరు పిలిచి చూడవచ్చు, ప్రశ్నను పలకమీద వ్రాసి చూపవచ్చు. అవి చేసిన తరువాతనే "ధారణ లేదు" అనే తీర్పు నోట రావాలి.

ఆ తల్లితో ఆనాడు క్షమాపణ చెప్పలేకపోయాను. చెప్పవలసింది.