రెక్క విరిగితే రెండో అవకాశం లేదు

రాజమహేంద్రవరం: డెల్టా ప్రజలకు హెలికాప్టర్ కొత్త కాదు. బంగాళాఖాతంలోని చమురు, గ్యాస్ క్షేత్రాలకు మధురపూడి విమానాశ్రయం నుంచి హెలికాప్టర్లు ఎగురుతుంటాయి. 1986 గోదావరి వరదల్లో, 1996 నవంబరు తుపానులో జలదిగ్బంధంలో చిక్కిన గ్రామాలకు ఆహార పొట్లాలు అందించింది అవే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద బోటు మునిగినప్పుడు గాలింపునకు ఓఎన్‌జీసీ, నౌకాదళ హెలికాప్టర్లను పంపారు. ఆపదలో ఆదుకునే ఈ వాహనం భద్రత ప్రధానంగా దాని రెక్కలపైనే ఆధారపడి ఉంది. ఇంజిను ఆగినా రెక్కలు తిరుగుతుంటే కిందికి దించే అవకాశం ఉంటుంది. రెక్కే విరిగితే పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు.

పగులు పుట్టేదిలా..

ప్రతి చుట్టులోనూ రెక్కపై భారం పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. తీగను పదేపదే వంచితే తెగినట్లే, లోహం అలసి వెంట్రుకంత పగులు పుడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి పట్టే తుప్పు దీనికి తోడవుతుంది. తుప్పును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా బలైనప్పుడు కోనసీమ కళ్లారా చూసింది.

తనిఖీ ఎలా?

ఎగిరే ముందు రెక్కలను కంటితో పరిశీలిస్తారు. నిర్ణీత గంటలు ఎగిరాక లోతైన పరీక్షలు చేస్తారు. కుండ కొనేవారు వేలితో తట్టి మోత విన్నట్లే, రెక్కను తట్టి లోపలి పొరలు విడిపోయాయేమో కనిపెడతారు. లోహ భాగాలకు రంగు ద్రవం, అల్ట్రాసోనిక్, ఎడ్డీ కరెంట్ పరీక్షలున్నాయి. ఎంఐ-17 రెక్కలోని బోలు దూలంలో గాలిని ఒత్తిడితో నింపుతారు. పగులు వచ్చి ఒత్తిడి తగ్గితే సూచికలో ఎరుపు రంగు కనిపిస్తుంది.

నేర్వాల్సిన పాఠం

ఒకసారి పరీక్షలో నెగ్గిన రెక్కను శాశ్వతంగా నమ్మరాదని ఉత్తర సముద్రంలో జరిగిన ప్రమాదం చాటింది. 2002 జులై 16న గ్యాస్ క్షేత్రాల మధ్య తిరిగే సికోర్‌స్కీ ఎస్-76 హెలికాప్టర్ రెక్క విరిగి, అందులోని 11 మందీ మరణించారు. ఆ రెక్కకు 1999లో పిడుగు తగిలింది. తయారీ సంస్థకు పంపి పరిశీలించాకే మళ్లీ అమర్చారు. తయారీ లోపానికి పిడుగు దెబ్బ తోడై లోపల జరిగిన నష్టం అప్పటి పరీక్షకు చిక్కలేదు. మన దేశంలో 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు మరణించారు. రెక్కల కోణాన్ని నియంత్రించే స్వాష్‌ప్లేట్ విరిగినట్లు తేలింది. ఆ తరహా హెలికాప్టర్లన్నింటినీ నిలిపివేసి పరీక్షించారు.

తాటిచెట్లపై పిడుగులు పడే డెల్టాలో ఈ పాఠం మరింత అవసరం. ప్రతి రెక్కకు తగిలిన దెబ్బ, చేసిన మరమ్మతు రికార్డులో ఉండాలి. వరద సమయంలోనైనా, రిగ్గుకు సిబ్బంది వెళ్లాల్సిన వేళైనా తొందర సహజం. అయితే అనుమానం ఉన్న హెలికాప్టర్‌ను ఆపే ఇంజినీరు మాటకు అడ్డు చెప్పే పరిస్థితి ఉండరాదు. తనిఖీకి పట్టే గంటలు ఆలస్యం కాదు, అందులో ఎక్కేవారి ప్రాణాలకు హామీ.