బడి నేర్పవలసింది, ఇల్లు నేర్పవలసింది

మక్కాకు సరుకు తెచ్చిన ఒక యమన్ వర్తకుణ్ణి అక్కడి పెద్దమనిషి ఒకడు మోసగించాడు. సరుకు తీసుకుని సొమ్ము ఎగ్గొట్టాడు. పరాయి ఊరు, అండగా నిలిచే తెగ లేదు. అతని మొర విన్న కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. పీడితుడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేవరకు ఒక్కటిగా నిలుస్తామని ప్రమాణం చేశారు. చరిత్రలో దీన్ని 'హిల్ఫుల్ ఫుజూల్' అంటారు. అప్పటికి ఇంకా దైవదౌత్యం లభించని ముహమ్మద్ (స) కూడా అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత సైతం, అలాంటి ఒడంబడికకు పిలుపు వస్తే స్పందిస్తానని ఆయన అన్నారు. న్యాయం విషయంలో ఇతరులతో చేయి కలపడం ఈమాన్‌కు లోటు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ప్రభుత్వ పాఠశాలల్లో నైతిక విలువల బోధన గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని నియమించింది. ఇలాంటి మాట వినగానే మదనపల్లెలోనైనా, పుంగనూరు, కుప్పాలలోనైనా ముస్లిం తల్లిదండ్రుల మనసులో ఒక ప్రశ్న తలెత్తడం సహజం. నీతి పేరుతో మన పిల్లలచేత మరొకరి ఆరాధన చేయిస్తారా?

ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. జవాబు రాజ్యాంగంలోనే ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతోంది. గుర్తింపు పొందిన, సాయం పొందే సంస్థల్లో కూడా మతబోధకు, ఆరాధనకు హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టరాదు. మైనరైతే సంరక్షకుని సమ్మతి తప్పనిసరి. అయితే మతబోధ వేరు, అన్ని మతాల మంచిని తెలియజెప్పడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపింది. కనుక విలువల పాఠాన్ని మొత్తంగా కాదనడం వివేకం కాదు. అందులో ఏముండాలో చెప్పడమే మన పని.

ఈ సీమకు ఆ సంప్రదాయం కొత్త కాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ కళాశాలలో ఉండి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. మనం బడిలో పాడే మొదటి చరణం తర్వాతి చరణంలో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పారసీలతోపాటు ముస్లింలను, క్రైస్తవులను కూడా ఆ కవి పేరు పెట్టి పిలిచారు. పిల్లలకు ఆ చరణం సంగతి కూడా తెలియాలి. తెలుగు వాచకంలో వేమన పద్యం నేర్చిన ముస్లిం బాలుడు ఏమీ పోగొట్టుకోలేదు. అలాగే హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితవు విన్న హిందూ బాలుడూ ఏమీ పోగొట్టుకోడు. తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞత, ఓర్పు, గర్వం లేని నడక, తగ్గించిన స్వరం - వీటిలో ఎవరికి అభ్యంతరం? తౌహీద్, నమాజు, హలాల్ హరామ్‌లు నేర్పే బాధ్యత మాత్రం ఇంటిది, మక్తబ్‌ది. ఆ భారాన్ని బడి మీద వేయలేము, వేయకూడదు.

ఇక మనవైపు చూసుకుందాం. బడిలో 'అబద్ధమాడరాదు' అని చదివి వచ్చిన పిల్లవాడితో, వాకిట్లో అప్పులవాడు నిలబడితే 'అబ్బా ఇంట్లో లేరని చెప్పు' అంటే ఆ పాఠం ఏమవుతుంది? మదనపల్లె టమోటా మార్కెట్లో తూకం దగ్గర తండ్రి చేతివాటం చూసిన కొడుకుకు ఏ పీరియడ్ అమానత్ నేర్పగలదు? కొలతల్లో మోసం చేసేవారిని దివ్యఖుర్‌ఆన్ ఒక సూరా మొదట్లోనే తీవ్రంగా హెచ్చరించింది. దైవప్రవక్త (స)ను మక్కావాసులు 'అల్ అమీన్' అన్నది ఆయన ప్రసంగాలు విని కాదు, ప్రవర్తన చూసి.

చేయవలసిన పని ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. వారిలో తల్లులకు కూడా చోటుంది. సమావేశానికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని గొణగడం కంటే, వెళ్ళి మర్యాదగా రెండు మాటలు చెప్పడం మేలు. ప్రవక్తల జీవితాల్లోని మంచిని కూడా పిల్లలకు వినిపించండి అని అడుగుదాం. ఏ ఒక్కరి ఆరాధననూ అందరిపై రుద్దవద్దని కోరుదాం. ఆ ఊళ్ళోని హిందూ, క్రైస్తవ సోదరులతో కలిసి కూర్చుని అడిగితే, అదే మన కాలపు హిల్ఫుల్ ఫుజూల్ అవుతుంది.

మన పిల్లలు ఈమాన్‌లో దృఢంగా, అఖ్లాఖ్‌లో అందరికీ ఆదర్శంగా ఎదిగే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.