పగటికలల పద్దు పుస్తకం

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని తెలుగువారు పగటికలలను ఏనాడో ఎగతాళి చేశారు. గాలిలో మేడలు కట్టి, కాలు విసిరి, పేలపిండి కుండను పగులగొట్టుకొన్న పంచతంత్ర బ్రాహ్మణుని కథ మన పిల్లలకు నేటికీ హెచ్చరికే. చదువే ఆస్తిగా సముద్రాలు దాటి వచ్చిన కుటుంబాలలో ఆ హెచ్చరిక మరింత గట్టిగా వినిపించడం సహజం. అయితే విజ్ఞానశాస్త్ర చరిత్రను పరిశీలించిన వారికి, ఆ బ్రాహ్మణుని దోషం కల కనడంలో లేదనీ, కలను అప్పుడే నిజమని నమ్మి కాలు విసరడంలో ఉన్నదనీ తోచకమానదు.

పనికివస్తాయో రావో తెలియని ఊహలను, "ఇలా అయితే ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నలను ఏరి, రాసి, దాచుకోవడం తపాలా బిళ్ళల సేకరణ వంటి ఒక అభిరుచి. దీనికి ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకం గాని, కంప్యూటర్‌లో ఒక ఫైలు గాని చాలును. దీని విలువ తెలుసుకొనడానికి వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్ వాసులు దూరం వెళ్ళనక్కరలేదు. పొటోమాక్ నది ఒడ్డున హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ 2006లో ప్రారంభించిన జనీలియా పరిశోధనా కేంద్రం ఆ ఊరిలోనే ఉన్నది. అక్కడ పనిచేస్తుండగా ఎరిక్ బెట్సిగ్‌కు 2014లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. స్టెఫాన్ హెల్, మోర్నర్‌లు ఆ బహుమతిని ఆయనతో పంచుకొన్నారు. బెట్సిగ్‌ను అంతవరకు తీసుకువెళ్ళిన ఊహ మాత్రం అంతకు దాదాపు ఇరవై ఏళ్ళ ముందు, ఆయనకు ఉద్యోగం లేని రోజులలో పుట్టినది.

సాధారణ సూక్ష్మదర్శినిలో, కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒకే మచ్చగా కలిసిపోతాయి. 1873లో ఎర్నెస్ట్ అబ్బె తెలిపిన ఈ హద్దు సుమారు 200 నానోమీటర్లు. జీవకణంలోని ప్రోటీన్లు ఇంతకంటె ఎంతో చిన్నవి. బెట్సిగ్ బెల్ ప్రయోగశాలల ఉద్యోగం వదులుకొని, పసికూతురిని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ నడుస్తుండగా ఆయనకొక ఆలోచన తట్టింది. దీపావళినాడు దూరపు ఇంటి పిట్టగోడ మీది దీపాలన్నీ కలిసి ఒకే వెలుగుగా కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా వెలిగించి ఆర్పితే ప్రతి దీపమూ ఎక్కడున్నదో గుర్తు పెట్టుకోవచ్చు, ఆ గుర్తులన్నీ కలిపితే గోడ రూపమే తేలుతుంది. అణువులను కూడా ఏదో ఒక లక్షణం చేత ఇలా విడదీసి చూడగలిగితే అబ్బె హద్దును దాటవచ్చును.

ఈ ఊహను ఆయన 1995లో ఒక చిన్న వ్యాసంగా ప్రకటించి, మిషిగన్‌లో తండ్రిగారి యంత్రాల కర్మాగారంలో చేరిపోయారు. ఊహ పదేళ్ళు కాగితం మీదనే ఉండిపోయింది. ఈలోగా 2002లో బెథెస్డాలో జార్జి ప్యాటర్సన్, జెనిఫర్ లిపిన్‌కాట్-ష్వార్ట్జ్‌లు కాంతి సోకితే వెలగడం మొదలుపెట్టే ప్రోటీనును రూపొందించారు. 2005లో అటువంటి ప్రోటీన్ల సంగతి తెలియగానే బెట్సిగ్‌కు తన పాత ఊహ గుర్తుకు వచ్చింది. మిత్రుడు హెరాల్డ్ హెస్ ఇంటి ముందుగదిలో ఇద్దరూ కలిసి పరికరాన్ని నిర్మించారు. 2006లో ఫలితాలు వెలువడ్డాయి.

ఇటువంటి ఊహ ఒకటి ఫలిస్తే వేలకొలది ఊహలు వృథా అవుతాయి గదా అని ఆక్షేపించవచ్చు. అది నిజమే. అందుకే దీనిని పెట్టుబడిగా కాక అభిరుచిగా భావించాలి. ఊహించడంలోను, పాత పుటలు తిరగవేయడంలోను కలిగే ఆనందమే దీని ప్రతిఫలం. బహుమతి వచ్చినా రాకపోయినా ఆ ఆనందానికి లోటు లేదు.

రసాయన శాస్త్రంలో దీనికొక పోలిక ఉన్నది. చిక్కని పంచదార పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే కొద్దిరోజులకు కలకండ పలుకులు కడుతుంది. అదే పాకాన్ని ఎడతెగకుండా కలియబెడితే పొడి మాత్రమే మిగులుతుంది. బడి నుండి లెక్కల తరగతికి, అక్కడి నుండి సంగీతానికి, నాట్యానికి పరుగెత్తే ప్రవాసాంధ్రుల పిల్లల మనస్సులు నేడు ఎడతెగకుండా కలియబెడుతున్న పాకాలు. వారి తల్లిదండ్రుల మనస్సులూ అంతే. కదపకుండా ఉంచిన గంట పాకానికి ఎంత అవసరమో, ఊహను పట్టి నిలిపే దారంగా ఒక పుస్తకమూ అంతే అవసరం.

ప్రపంచ సమాచారాన్ని దాచిపెట్టే డేటా సెంటర్లకు ఆష్‌బర్న్ పేరుపొందింది. ఆ ఊరిలో ఒక ఇంటి బిడ్డ ఊహలకు నాలుగు పుటల చోటు లేకపోవడం విచారకరం. కిటికీ వద్ద ఊరకనే కూర్చున్న బిడ్డను "పని లేదా?" అని గద్దించే తల్లి, "ఏం ఆలోచిస్తున్నావు నాన్నా? మరచిపోకముందే రాసిపెట్టుకో" అన్న నాడు, సోమలింగం పుట్టకముందే ఆ పేరు పద్దులోకి ఎక్కుతుంది. పుడితే సంతోషం. పుట్టకపోయినా కుండ పగలదు.