మానుబల్లియు మన తీరపు ముదిమ్రాకులును

బల్లి శిరముపై పడిన నేమి ఫలము, భుజముపై పడిన నేమి ఫలమని పంచాంగము తిరుగవేయువారు మనలో నేటికిని కలరు. దోషము పోవుటకై కాంచీపురము వరదరాజస్వామి కోవెలకు పోయి బంగారు బల్లిని తాకి వచ్చువారును కలరు. అట్టి మన నెల్లూరు సీమవారు తీరపుటడవిలో బ్రదుకు బల్లిని గూర్చి యొక్కనాడైనను విచారింపరైరి.

ఇంటి గోడలకంటె ముదిమ్రాకుల బెరడే దీనికి ప్రియము. 1836లో ఇరువురు ఫ్రెంచి పండితులు సింహళద్వీపపు బల్లిని జూచి దీనిని శాస్త్రమున కెక్కించి, పుదుచ్చేరిలో సర్కారు తోటను నడపిన లెషెనో అను వృక్షశాస్త్రజ్ఞుని పేరిడిరి. సింహళమునను మన దేశపు మెట్టయడవులలోను ఈ బల్లి కలదు. బూడిదవన్నె మేనిపై నల్లని యలలవంటి చారలుండుటచే, బెరడును కరచుకొనియున్నచో ఎదుటనున్నను కానరాదు. రాత్రి పురుగులను వేటాడును. పగలు తొర్రలోనో, విడిన బెరడు క్రిందనో దాగును. కావున దీనికి ముదుసలి చెట్టు కావలెను.

అట్టి చెట్లు అడవిగా మిగిలినది పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట దీవిలో. పాల, అల్లి, నేరేడు మున్నగువానితో ఏడాది పొడవునను పచ్చగా నుండు మెట్టయడవి యది. 1835లో సర్కారు ఆ దీవిని స్వాధీనపరచుకొన్నది మదరాసు పొయ్యిలకు వంటచెరకు కొరకే. 1969లో దానిని రాకెట్టు కేంద్రమునకై ఎన్నుకొనిరి; 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగిరినది. కట్టడములకై కొంత నరికినను, కాపలా కట్టుదిట్టమగుటచే తక్కిన యడవి గొడ్డలి వాత పడలేదు. ఆకాశమును చూచువారు వేసిన కంచె బల్లికి రక్ష యయ్యెను. ఆ యడవిలో దుంపలు, తేనె ఏరుకొని బ్రదికిన యానాదులలో అనేకులు మాత్రము దీవి విడువవలసి వచ్చెను. ఆ లెక్క వేరుగా తేల్చవలసియున్నది.

కంచెకు వెలుపలి తీరము మాట యేమి? సరుగుడు తోట నాలుగైదేండ్లకే నరకబడును. తొర్ర పడుటకు దానికి వ్యవధి యెక్కడిది? రొయ్యల గుంటల గట్లపై నీడకైన చెట్టుండదు. తీరపు రొయ్యల చెరువులను తొలగింపుడని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, 2005 నాటి చట్టము వానికి మరల త్రోవ చూపెను. రైతును నిందింపబోము, అప్పు తీర్చవలసినవానికి పంట కావలెను. గాని గ్రామదేవతల తోపులలోను చెరువు కట్టలపైనను మిగిలిన చింత, రావి, వేప మ్రాకులు ఎవరి యప్పును తీర్చును? తొర్రపడినది చెడిన మ్రాననుట కట్టెల వర్తకుని మాట. దేవాదాయ శాఖవారును పంచాయతీలవారును అట్టి మ్రాకులను వేలపు జాబితాలనుండి తొలగింపవలెను. భూస్వాములును తమ గట్లపైని తొర్రమ్రాకులకు ఈ యేడు బేరము కుదుర్చుకొనకుందురు గాక.