హెచ్‌ఎంటీ వడ్లు ఇచ్చిన రైతుకు దక్కిందేమిటి?

హెచ్‌ఎంటీ బియ్యం పేరు వినని ఇల్లు తెలంగాణలో అరుదు. ఆ రకాన్ని మొదట తీసింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. మన సరిహద్దుకు అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామంలో ఉన్న దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు. 1983లో తన 'పటేల్ 3' వరిలో కొన్ని వెన్నులు తేడాగా కనిపించాయి. కేళీలని పీకి పారేయకుండా ఆ గింజలు దాచి, ఏళ్ల తరబడి విడిగా వేసి, ఎంపిక చేసి, సన్నగింజ రకాన్ని నిలబెట్టారు. అప్పట్లో పేరున్న గడియారం పేరే దానికి పెట్టారు. పరిశీలన, ఎంపిక, మళ్లీ పరీక్ష: శాస్త్రం అంటే ఇదే కదా!

తర్వాత ఆ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని శుద్ధి చేసి పీకేవీ-హెచ్‌ఎంటీగా విడుదల చేసింది. ఆ పేరులో రైతు లేడు. అవార్డులు మాత్రం వచ్చాయి. 2005లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా జాతీయ పురస్కారం అందుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చింది. ఇబ్బందుల్లో అమ్ముకోబోతే అది మేలిమి బంగారం కాదని పత్రికలు రాశాయి. 2018 జూన్ 3న ఆయన చనిపోయారు. చివరి రోజుల్లో వైద్యానికీ డబ్బు కరువే.

అవార్డులకు మనం వ్యతిరేకం కాదు. అవి రాకపోతే ఖోబ్రగడే పేరు బయటికి వచ్చేదే కాదు. కానీ శాలువా ఒక్కరోజు ముచ్చట. విత్తనం మీద వచ్చే ఆదాయం ఏటా వస్తుంది. అందులో వాటా ఎవరిదన్నదే అసలు ప్రశ్న. కొత్త రకం తీసిన రైతుకు శాస్త్రవేత్తతో సమానంగా రిజిస్ట్రేషన్ హక్కు ఉందని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం చెబుతోంది. లాభంలో వాటా అడిగే వీలూ కల్పించింది. కాగితాలు నింపి, పరీక్షలకు విత్తనం పంపడం ఒంటరి రైతుకు అయ్యే పనేనా?

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. రైతు రకాల రిజిస్ట్రేషన్ బాధ్యతను కృషి విజ్ఞాన కేంద్రాలే తీసుకోవాలి.

2. రైతు విత్తనంతో విశ్వవిద్యాలయం రకం విడుదల చేస్తే పత్రాల్లో ఆ రైతు పేరు, అమ్మకంలో వాటా ఉండాలి.

3. రాష్ట్ర అవార్డు పొందిన రైతులకు పింఛను, ఉచిత వైద్యం కల్పించాలి.

మీ ఊళ్లో సొంతంగా విత్తనం తీసి నిలబెట్టిన రైతులుంటే వారి వివరాలు రాసి మండల కమిటీకి ఇవ్వండి. ఆ జాబితాతోనే అధికారుల ముందుకు వెళ్దాం.